ఎ చార్లీ బ్రౌన్ క్రిస్మస్

ఎ చార్లీ బ్రౌన్ క్రిస్మస్ అమెరికాలోని సీబీఎస్ టెలివిజన్‌లో 1965 డిసెంబరు 9న తొలిసారి ప్రసారమైన అరగంట యానిమేషన్ చిత్రము. చార్లెస్ షుల్జ్ 1950 నుండి 2000 వరకు దినపత్రికలకు గీసిన పీనట్స్ అనే బొమ్మల కథ దీనికి మూలము. రచన కూడా షుల్జ్‌దే. నిర్మాత లీ మెండెల్సన్, దర్శకుడు బిల్ మెలెండెజ్.

పండుగ వచ్చినా చార్లీ బ్రౌన్ అనే బాలునికి సంతోషము కలుగదు. చుట్టూ అలంకరణల పోటీ, కానుకల కోరికలే. నాటకము కొరకు చెట్టు తెమ్మని పంపితే, మెరిసే అల్యూమినియం చెట్లను కాదని బక్కచిక్కిన మొక్కను తెచ్చి నవ్వులపాలవుతాడు. అసలు పండుగ అర్థమేమిటని వాపోయినపుడు మిత్రుడు లైనస్ లూకా సువార్తలోని క్రీస్తు జనన ఘట్టమును అప్పజెబుతాడు. చివరకు నవ్విన పిల్లలే ఆ మొక్కను అలంకరిస్తారు.

పాత్రలకు పిల్లలే గాత్రమిచ్చారు. చదువురాని చిన్నవారిచేత ముక్కముక్కగా పలికించారు. అప్పటి హాస్య కార్యక్రమాలలో ముందే రికార్డు చేసిన నవ్వులు జోడించుట ఆనవాయితీ. షుల్జ్ అందుకు ఒప్పుకొనలేదు. బైబిలు ఘట్టము వద్దన్నా వినలేదు. విన్స్ గ్వరాల్డి జాజ్ సంగీతము, నెమ్మదైన నడక సీబీఎస్ అధికారులకు రుచించలేదు. అయినను సుమారు కోటిన్నర ఇళ్ళలో దీనిని చూశారు. ఎమ్మీ, పీబాడీ పురస్కారములు లభించాయి. పండుగ వ్యాపారమైపోయిందని వాపోయే ఈ చిత్రానికి ప్రాయోజకులు కోకా-కోలా వారు కావడం విశేషము!

పెద్దల లోకాన్ని పిల్లవాని కంటితో చూపుటలో తెలుగు పాఠకులకు ముళ్ళపూడి వెంకటరమణ సృష్టించిన బుడుగు గుర్తుకు రావచ్చును. అయితే బుడుగు గడుసువాడు, చార్లీ బ్రౌన్ ఓటమికి అలవాటుపడినవాడు.