దక్కను బాకుల పిడులు, వాని పరీక్ష

మెదకు కోటకు ఎక్కిపోవు దారిలో సింహద్వారముపై గర్జించు సింహములను, గజద్వారమున ఒండొంటితో పెనగొనిన ఏనుగులను చూడక ముందుకు సాగువారుండరు. కోటగోడలపై నిలిచిన ఈ మృగములవంటివే, అట్టి క్రోధముతో, అట్టి పెనుగులాటతో, పదునారవ శతాబ్దమున దక్కను సుల్తానుల ఆస్థానశిల్పుల చేతులలో పిడికిట ఇముడునంతటివై బాకుల పిడులపై వెలసినవి. న్యూయార్కు నగరమందలి మెట్రోపాలిటన్ మ్యూజియములో అట్టి బాకు ఒకటి కలదు. బిజాపురమునందో గోలకొండయందో రూపొందినదని పండితులు తలంచుచున్న దాని పిడిని రాగితో పోతపోసి, ఉలితో తీర్చి, బంగారుపూత పెట్టి, కెంపులు పొదిగిరి. వ్యాళమను కల్పితమృగమొకటి తన తోకను పట్టుచుట్టును త్రిప్పి సింహముపై బడుచుండగా, ఆ సింహము లేడిని ఒడిసిపట్టుచున్నది. ఇన్ని ప్రాణులు ఇంత చిన్నచోట ఇరుకున పడక, పట్టిన చేతికి గ్రుచ్చుకొనక, ఒకదానిలోనికొకటి ఒదిగియుండుట ఆ శిల్పి ప్రజ్ఞ.

అయినను మన ఇండ్లలో తాతలనాటి కటారి యొకటి బయటపడినచో అందరి కన్నును అలుగుమీదికే పోవును. అలుగునకు ఆ కీర్తి ఊరక రాలేదు. పూర్వము మెదకు గుల్షనాబాదు సుబాలో చేరియుండిన ఇందూరు సీమలో, కోనసముద్రమను గ్రామమున, మూసలలో కరగించి తీసిన ఉక్కును కొనుటకు పారసీక వర్తకులు అంతదూరము నుండి వచ్చుచుండిరని ఆంగ్లేయ వైద్యుడును భూగర్భశాస్త్రజ్ఞుడును అగు వాయిసీ వ్రాసిన వ్యాసము 1832లో అచ్చుపడినది. కాని బాకు ఏ ప్రాంతమున, ఏ కాలమున, ఎట్టివాని కొరకు సిద్ధమైనదో అలుగుకన్న పిడియే విస్పష్టముగా చెప్పగలదని నా నిశ్చయము. అలుగు ఊరూరు తిరుగును. తంజావూరి కటారులు పెక్కింటికి ఐరోపా దేశపు అలుగులను తెచ్చి బిగించిరి. వ్రేళ్లకు కప్పుగా నుండు పడగవంటి ఉక్కురేకు గల ఆ పిడులు మాత్రము దక్షిణాదివే.

కనుక పరీక్షకు పూనుకొనువాడు మొదట పిడి ఆకారమును గుర్తింపవలెను. కటారికి పట్టు అడ్డముగా నుండును. రెండు అడ్డుకడ్డీలను పిడికిట బిగించినప్పుడు ఇరువైపుల నిలువుపట్టీలు మణికట్టును కాపాడుచు ముంజేతి వెంబడి సాగును. చిలానమను దక్కను బాకునకు పిడి కొస రెండుగా చీలి విచ్చుకొనియుండును. దానిలో పిడిని, అలుగును ఒకే ఉక్కుముద్ద నుండి సాగగొట్టుటయు కద్దు. ఖంజరను బాకునకు జేడ్ రాతి పిడి వంపుదేలి, గుఱ్ఱపు తలతోనో పూమొగ్గతోనో ముగియును.

ఆకారము తెలిసిన పిమ్మట చూడవలసినది అతుకు. అలుగు తోకను పిడి రంధ్రమున నిలుపుటకు మన పనివారు కరగిన లక్కను పోయుచుండిరి. పాత లక్క నల్లబడి, పెళుసెక్కి, అంచులయందు సన్నని పగుళ్లు తేరును. తోకకును రంధ్రమునకును పొంతన కుదరక, నడుమ క్రొత్త జిగురు మెరయుచున్నచో, ఒక బాకు అలుగునకు మరియొక బాకు పిడిని జతపరచిరని శంకింపవలెను. అమ్మజూపువాని మాటకన్న ఈ అతుకు మాట నమ్మదగినది.

తరువాత ద్రవ్యము. ఏనుగు దంతమును అడ్డుకోతలో చూచిన ఒకదానినొకటి ఖండించు వంపుగీతల వల కనబడును. ఎముకయందు ఆ వల యుండక, నల్లని సూక్ష్మరంధ్రములుండును. జేడ్ చేతికి చల్లగా, బరువుగా తగులును; సామాన్యమైన చాకు దానిపై గీత పెట్టజాలదు, మెత్తని నకిలీ రాతిపై పెట్టును. అయినను ఇంటి వస్తువుమీద ఇట్టి గీతల పరీక్షకు దిగుట పాపము. కన్నును స్పర్శయు చాలును. జేడ్ పని ఎంత నిగ్గుదేరగలదో కనులార చూడదలచినవారు 1951లో హైదరాబాదున వెలసిన సాలార్‌జంగ్ మ్యూజియమునకు పోయి, జహాంగీరు బాకును, నూర్జహాను ఫలముల కత్తిని నిదానముగా దర్శింపవలెను.

ఇక పనితనము. పూర్వపు కెంపులు నున్నగా గుండ్రదేరియుండును; వాని చుట్టు మేలిమి బంగారు రేకును ఒత్తి నిలుపు కుందనపు పని యుండును. అనేక ముఖములుగా సానబట్టిన రాళ్లు, గోళ్లవంటి కొంకులలో నిలిచియున్నచో, అది పిదపకాలపు చేర్పు. పాదరసముతో పెట్టిన బంగారుపూత పల్లములలో దట్టముగా నిలిచి, మెట్టలలో అరిగియుండును. 1840 ప్రాంతమున వ్యాపించిన విద్యుత్ పూతయో, ఎల్లెడల ఏకరీతిగా పలుచనై యుండును. నిజముగా వాడిన పిడి అరచేయి తగులు చోటులనే అరుగును. నకిలీవాడు ఆకురాయితో అంతటను సమానముగా అరగదీయును. మేటిశిల్పి మృగము చెవి వెనుకను, పట్టు క్రిందిభాగమునను, ఎవ్వరును చూడనిచోటను తన ఉలిని అలసిపోనీయడు. నా దృష్టిలో ఉత్తమమునకును మధ్యమమునకును భేదము తేల్చునది ఇదియే.

ఈ విచారము మన సీమకే పరిమితము కాదు. కుతుబ్ షాహీల కాలమున మచిలీపట్నపు ఓడలు మన వస్త్రములను మోసికొని పోవుచుండిన ఆచే మొదలగు మలయ రేవులలో క్రిస్ అను బాకు పురుషుల గౌరవచిహ్నము. పటానీ, కెలంతాన్ అను మలయ సీమలలో దాని పిడికి నిడుపైన ముక్కుగల ముఖమును చెక్కుదురు. కొయ్య పొరల వరుస ఆ ముఖము వంపులను అనుసరించుచున్నదా లేదా యని అక్కడి రసజ్ఞులు పరీక్షింతురు. పట్టు సుఖము, అతుకు బిగువు, చెక్కడపు శ్రద్ధ అచటను గీటురాళ్లే.

పాత కటారి గాని బాకు గాని ఇంట గల పాఠకులకు ఒక విన్నపము. విజయదశమినాడు ఆయుధపూజకు దానిని చింతపండుతో తోమకుడు. ఆ పులుపు పూతను, శతాబ్దముల వన్నెను ఒక్కపూటలో హరించును, ఉక్కును తినును. వేడినీట ముంచినచో లక్క కరగి పిడి ఊడును. మెత్తని పొడిగుడ్డతో తుడిచి, తేమ తగులని చోట నుంచుడు. నూరేండ్లు దాటిన అట్టి వస్తువును ప్రాచీనవస్తువుల చట్టము, 1972 ననుసరించి ప్రైవేటు వ్యక్తులు విదేశములకు ఎగుమతి చేయరాదు. దంతపు పిడుల వర్తకమును వన్యప్రాణి సంరక్షణ చట్టము నిషేధించినది. బేరగాని చేతికిచ్చుటకు ముందు, హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సులోని రాష్ట్ర మ్యూజియము వారికి ఒక్కసారి చూపుడు.