పియానో మెట్లపై సింథసైజర్ పలుకు



హోసూరు కానివ్వండి, బళ్ళారి కానివ్వండి, బరంపురం కానివ్వండి, మన సరిహద్దు ఊళ్ళలో పెళ్ళి పందిట్లో ఆర్కెస్ట్రా వాయించేవారు, చర్చిలోనో భజన మండలిలోనో కీబోర్డు ముందు కూర్చునేవారు చాలామంది ఉన్నారు. వారిలో ఎవరైనా అప్పో సొప్పో చేసి ఒక స్టేజి పియానో కొన్నారనుకుందాం. దానికి 88 మెట్లు, వేలి కింద అసలు పియానో బరువు. ఇంట్లో పాత సింథసైజర్ ఒకటి మూల పడి ఉంది. మెట్లు అరిగాయి, రెండు మూడు అసలు పలకడమే మానేశాయి. పాత సామానువాడికి ఇచ్చేద్దామనిపిస్తుంది. ఆగండి. మెట్లు పోయినా దాని లోపలి గొంతులు బాగానే ఉండవచ్చు. పియానో మెట్లు నొక్కి ఆ గొంతులను పలికించే ఉపాయం ఉంది. దాని పేరు మిడి.

మిడి అంటే మ్యూజికల్ ఇన్‌స్ట్రుమెంట్ డిజిటల్ ఇంటర్‌ఫేస్. 1983 జనవరిలో అమెరికాలోని అనహైమ్‌లో జరిగిన వాద్యాల ప్రదర్శనలో రెండు వేర్వేరు కంపెనీల సింథసైజర్లను ఒక తీగతో కలిపి, ఒకదాన్ని నొక్కితే రెండోది పలికేట్టు చూపించారు. ఆ రెండూ సీక్వెన్షియల్ సర్క్యూట్స్ వారి ప్రాఫెట్-600, రోలాండ్ వారి జూపిటర్-6. ఈ ఏర్పాటుకు మూలపురుషులైన డేవ్ స్మిత్, ఇకుతారో కకెహాషీలకు 2013లో టెక్నికల్ గ్రామీ పురస్కారం వచ్చింది. ఆనాటి భాషనే ఈనాటి వాద్యాలూ మాట్లాడుతున్నాయి. కాబట్టే 2019లో వచ్చిన యమహా సీపీ-88 పియానోకు 1988 నాటి కార్గ్ ఎం-వన్ సింథసైజర్ మాట వింటుంది. మన ఉదాహరణకు ఈ జంటనే తీసుకుందాం.

ముందుగా ఒక సంగతి మనసుకు పట్టించుకోవాలి. మిడి తీగలో ధ్వని ప్రయాణించదు. స్వరాలు రాసిన కాగితం దానంతట అది పాడుతుందా? పాడేవారు చూసి పాడాలి. ఈ తీగ కూడా అటువంటి కాగితమే. మీరు ఒక మెట్టు నొక్కగానే పియానో మూడు ముక్కలు పంపుతుంది: ఫలానా ఛానెల్‌లో మెట్టు నొక్కారు, దాని నంబరు ఇది, ఇంత వేగంగా నొక్కారు. మనవాళ్ళు ఒకటో శ్రుతి అనుకునే నడిమి సి మెట్టు నంబరు 60. ఈ మూడు ముక్కలూ చేరడానికి సెకనులో వెయ్యో వంతు పడుతుంది. మెట్టు వదిలినప్పుడు, వదిలారని ఇంకొక కబురు. అంతే.

చాలామంది తడబడేది ఇక్కడే. తీగ కలిపాం, ఎం-వన్ పలకడం లేదు, చెడిపోయిందంటారు. అది పలుకుతూనే ఉంది. దాని ధ్వని బయటికి వచ్చే దారి వేయలేదు. ఎం-వన్ వెనక ఉన్న ఆడియో అవుట్‌పుట్ నుంచి మిక్సర్‌కు వేరే తీగ వేయాలి. పియానో నుంచి మిక్సర్‌కు దాని తీగ దానికి ఉండాలి. అనుమానం వస్తే ఎం-వన్‌కు హెడ్‌ఫోన్ పెట్టి పియానో మెట్టు నొక్కి చూడండి. అక్కడ వినిపిస్తే మిడి బాగుంది, లోపం మిక్సర్ వైపు ఉంది.

ఇక కలపడం. రెంటినీ ఆపివేసి, పియానో మీది మిడి అవుట్ నుంచి ఎం-వన్ మీది మిడి ఇన్‌కు అయిదు కాళ్ళ ప్లగ్గు తీగ వేయండి. అవుట్‌ను అవుట్‌కు కలిపితే ఏమీ జరగదు. ఒక్క తీగ చాలు. తిరుగు తీగ కూడా వేస్తే కొన్ని వాద్యాల్లో పంపిన కబురే చుట్టు తిరిగి వచ్చి ఒక్కొక్క స్వరం రెండేసి సార్లు మోగుతుంది. పొడవు 15 మీటర్లు దాటకూడదు. బెంగుళూరు ఎస్పీ రోడ్డులోనో చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో కొనేటప్పుడు మిడి తీగ అని అడిగి తీసుకోండి. పాత టేపు రికార్డర్లకు వాడిన తీగ చూపుకు ఇలాగే ఉంటుంది గాని లోపల కాళ్ళ జోడింపు వేరుగా ఉండవచ్చు. అన్నట్టు, ఎం-వన్ జపాను నుంచి పాతదిగా వచ్చినదైతే అది 100 ఓల్టులకు చేసినది కావచ్చు. వెనక రాసింది చూడకుండా మన 230 ఓల్టుల ప్లగ్గులో పెట్టకండి.

తరువాత ఛానెల్. మిడిలో 16 ఛానెళ్ళు ఉంటాయి. మిక్సర్ ఛానెళ్ళకూ వీటికీ సంబంధం లేదు. పియానో ఏ ఛానెల్‌లో పంపుతుందో ఎం-వన్ ఆ ఛానెల్‌లోనే వినాలి. ఎం-వన్‌లో గ్లోబల్ అనే మీట నొక్కితే ఆ నంబరు కనిపిస్తుంది. రెండు చోట్లా 1 పెట్టి మొదలుపెట్టండి. పియానో ధ్వని వద్దు, ఎం-వన్ మాత్రమే కావాలంటే పియానో వాల్యూమ్ తగ్గించండి, లేదా సెట్టింగుల్లో లోకల్ కంట్రోల్ ఆపండి. ఆపిన సంగతి గుర్తుంచుకోండి. మర్నాడు తీగ లేకుండా పియానో ముందు కూర్చుని, మూగబోయిందని కంగారు పడేవారు ఉన్నారు.

మన సంగీతం వాయించేవారికి అసలు చిక్కు శ్రుతి దగ్గర వస్తుంది. నాదస్వరానికి సరిపోయేట్టు పియానో శ్రుతిని కాస్త దించారనుకోండి. సాధారణంగా ఆ సవరణ తీగ గుండా పోదు. పియానో నాదస్వరంతో కలుస్తుంది, ఎం-వన్ పాత శ్రుతిలోనే ఉండి పక్కపక్కనే చెవి కొరుకుతుంది. రెంటిలోనూ విడివిడిగా దించాలి. ట్రాన్స్‌పోజ్ సంగతి వేరు. కొన్ని పియానోలు మార్చిన మెట్టు నంబరు పంపుతాయి, కొన్ని మార్చనిదే పంపుతాయి. కచేరీకి ముందు ఒక్క మెట్టు నొక్కి రెండూ వింటే తెలిసిపోతుంది. గమకాలకు పిచ్ బెండ్ మీట వాడతాం కదా. ఆ వంపు ఎంత దూరం సాగాలో నిర్ణయించేది ఎక్కువగా వినే వాద్యంలోని సెట్టింగు. పియానోలో రెండు స్వరస్థానాలు, ఎం-వన్‌లో మూడు ఉంటే, ఒకే గమకం రెండు చోట్ల ఆగుతుంది. వినేవారికి అపస్వరమే.

పెడల్ ఇంకొకటి. పియానో అలవాటున్నవారు కాలు ఎత్తరు. పెడల్ కబురు కూడా తీగలో పోతుంది. ఎం-వన్ ఒకేసారి 16 స్వరాలే పలకగలదు, కొన్ని ధ్వనుల్లో ఎనిమిదే. తొమ్మిదో స్వరం పడగానే మొదటిది మాయమవుతుంది. అది రోగం కాదు, దాని ఓపిక అంతే. తీగవాద్యాల ధ్వని పెట్టినప్పుడు పెడల్ తక్కువగా తొక్కండి.

కొందరు అడుగుతారు, రెంటికీ యూఎస్‌బీ రంధ్రాలున్నాయి, వాటినే కలిపేస్తే పోదా అని. మామూలుగా వాద్యం వెనక ఉండే చదరపు రంధ్రం కంప్యూటర్ కోసం. అలాంటివి రెండు నేరుగా మాట్లాడుకోలేవు, నడుమ కంప్యూటరో హోస్ట్ పెట్టెయో ఉండాలి. ఈ మధ్య చిన్న సింథసైజర్లలో అయిదు కాళ్ళ రంధ్రం బదులు హెడ్‌ఫోన్ పిన్నులాంటి రంధ్రం వస్తోంది. వాటి అడాప్టర్లలో ఏ రకం, బీ రకం అని రెండున్నాయి. 2018లో ఏ రకాన్ని ప్రమాణంగా నిర్ణయించారు గాని అంతకు ముందు వచ్చినవి ఏవైనా కావచ్చు. మీ వాద్యం పుస్తకం చూసి కొనండి.

చివరగా, వాయిస్తుండగా మిడి తీగ లాగకండి. మెట్టు వదిలారన్న కబురు దారిలో ఆగిపోతే ఎం-వన్ ఆ స్వరాన్ని పట్టుకుని వదలకపోవచ్చు. పందిట్లో అలా జరిగితే మొదట మిక్సర్‌లో దాని వాల్యూమ్ దించండి, ఆ తరువాత ఎం-వన్‌ను ఒకసారి ఆపి మళ్ళీ వేయండి.