త్రోవలో మామూలు

మన తెలుగులో మామూలు అను మాటకు రెండర్థములు కలవు. వాడుక చొప్పున జరుగునది యొకటి. అధికారి చేతిలో చాటుగా పెట్టు పైకము రెండవది. అరబ్బీ నుండి కచ్చేరీ భాష ద్వారా మనకు వచ్చిన యీ మాట తొలి యర్థము నుండి మలి యర్థమునకు జారుటలోనే మన కథ యంతయు నిమిడియున్నది. ఇచ్చి యిచ్చి లంచము వాడుకయైనది. వాడుకయైన పిదప దానికి లంచమను పేరే పోయినది. మోటారు సైకిలుపై పోవువానికిని, వానిని త్రోవలో నాపు రక్షకభటునికిని నడుమ జరుగు నీ మామూలును గూర్చి కొంత విచారింతము.

నెల్లూరు జిల్లా పడమటి భాగము మెట్టసీమ. అచ్చటి జలదంకి వంటి యూళ్లలో పూర్వము ఎద్దుబండి చేసిన పనులలో పెక్కింటిని నేడు మోటారు సైకిలు చేయుచున్నది. కావలిలో వైద్యుని చూడవలెనన్నను, కలిగిరి పొగాకు వేలమునకు పోవలెనన్నను, బిడ్డను పాఠశాలకు దింపవలెనన్నను అదియే వాహనము. కావున రోడ్ల కూడలిలో జరుగు తనిఖీ, ఎవరికో పట్టణవాసికి సంబంధించినది కాదు. ప్రతి యింటికిని సంబంధించినది.

ఒక రైతు ననుకొందము. తలపై శిరస్త్రాణము లేదు. బండి బీమా గడువు రెండు నెలల క్రిందటనే తీరినది. రక్షకభటుడు చేయెత్తి యాపినాడు. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 2019లో సవరింపబడినది. దాని ప్రకారము శిరస్త్రాణము లేనివానికి వేయి రూపాయల జుల్మానాయు, మూడు నెలలు లైసెన్సు రద్దును. బీమా లేని బండిని నడుపువానికి మొదటి తప్పునకు రెండువేల రూపాయల జుల్మానా గాని, మూడు నెలలకు మించని ఖైదు గాని, రెండును గాని కలవు. "ఈ తూరికి వదిలిపెట్టండి సార్" అని రైతు వేడుకొనును. "సరే, చూసి ఇచ్చి పో" అని జవాబు వచ్చును. రెండువందల నోట్లు చేతులు మారును. బండి కదలును.

ఈ బేరమున ఇద్దరికిని లాభమే కనబడుచున్నది. రైతునకు రెండువేల యెనిమిదివందలు మిగిలినవి. భటునకు రెండువందలు వచ్చినవి. మరి నష్టమెవరికి? ప్రభుత్వ ఖజానాకని చెప్పుట సులభము. కాని అది చిన్న నష్టము. అసలు నష్టపడువాడు ఆ కూడలిలో లేడు. ఆ బండియే మరునాడు త్రోవ దాటుచున్న యొక కూలిమనిషిని కొట్టినదనుకొందము. బీమా యున్నచో ఆ కుటుంబమునకు బీమా సంస్థ పరిహార మిచ్చును. చట్టము బీమాను నిర్బంధము చేసినది అందులకే. బీమా లేనిచో పరిహారము సొంతదారుడే యిచ్చుకొనవలెనని ట్రిబ్యునలు తీర్పు చెప్పును. అతని కున్నది రెండెకరాల మెట్ట. అది అమ్మిన రైతు బ్రదుకు పోవును; అమ్మకున్న కూలివాని పిల్లల బ్రదుకు పోవును. ముందునాడు కూడలిలో ఇచ్చిన రెండువందలకు రసీదు లేదు. ఉన్నను దానిని ఏ న్యాయస్థానమును లెక్కింపదు. ప్రమాదమును నివారింప నేర్పడిన నియమమును ఆ రెండువందలు వెలగట్టి అమ్మివేసినవి.

ఇది బేరపు లంచము. బలవంతపు లంచమని రెండవ జాతి కలదు. దీనిలో పోవువాని తప్పేమియు లేదు. లైసెన్సు, రిజిస్ట్రేషను, బీమా సక్రమముగానే యున్నవి. అయినను అసలు కాగితములే కావలెనని బండిని ప్రక్కకు పెట్టింతురు. ఎండలో గంటసేపు నిలువలేక, వైద్యశాలలో తల్లి యెదురుచూచుచుండగా, అతడు నూరో యిన్నూరో ఇచ్చి పోవును. ఇచ్చట అమ్ముడుపోయినది చట్టము కాదు, పౌరుని కాలము. ఇట్టిచో చట్టము పౌరుని పక్షముననే యున్నది. 2018లో జరిగిన నిబంధనల సవరణ వలన, ప్రభుత్వపు డిజిలాకరు వంటి సాధనమున ఫోనులో చూపు పత్రములు అసలు కాగితములతో సమానముగ చెల్లును. పత్రము ఆ సమయమున చెంత లేకున్నను, పదునైదు దినములలో చూపుటకు నిబంధనలు వీలు కల్పించినవి.

ఈ జాడ్యము క్రొత్తది కాదు. చెన్నపట్టణపు రాజధానిలో రెవెన్యూ, పోలీసు ఉద్యోగులు ప్రజలను హింసించి డబ్బు లాగుచున్నారను అభియోగములపై ఒక కమిషను 1855లో విచారణ జరిపి నివేదిక నిచ్చినది. దాని ఫలితముగ 1859లో రాజధానికి ప్రత్యేక పోలీసు చట్టము వచ్చెను. తరువాత 1902-03 సంవత్సరములలో ఫ్రేజరు గారి యధ్యక్షతను కూర్చున్న పోలీసు కమిషను కూడ, ఈ శాఖలో అవినీతి మెండుగ నున్నదనియు, క్రింది యుద్యోగుల జీతములు చాలవనియు చెప్పినది. కడుపు నిండనివానికి అధికారమిచ్చి వీథిలో నిలిపినపుడు ఏమగునో ఆ నివేదికలు చెప్పుచున్నవి. భటుని నిందించునపుడు ఈ మాటను మరువరాదు. అట్లని దానిని సాకుగా నొప్పుకొనను రాదు.

1947లో వచ్చిన అవినీతి నిరోధక చట్టమును, 1988లో దాని స్థానమున వచ్చిన చట్టమును లంచము పుచ్చుకొనువానిపైననే ముఖ్యముగ దృష్టి నిలిపినవి. 2018లో జరిగిన సవరణ మన మెరుగవలసిన రెండు మాటలు చెప్పినది. పుచ్చుకొనువానికి మూడేండ్లకు తక్కువగాక ఏడేండ్లవరకు ఖైదు. ఇచ్చువాడును నేరస్థుడే, అతనికిని ఏడేండ్లవరకు ఖైదు గాని, జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును. అయితే బలవంతముచే ఇచ్చినవాడు ఏడు దినములలో అధికారులకు తెలిపినచో అతనిపై నేరము లేదు. అనగా నేను పైన చెప్పిన రెండు జాతుల భేదమును చట్టమే గుర్తించినది.

తెలుపవలసిన చోటు అవినీతి నిరోధక శాఖ. ఆంధ్రప్రదేశములో అది 1961 జనవరి 2వ తేదీన ప్రత్యేక శాఖగ నేర్పడినది. దాని వల పన్ను పద్ధతి తెలిసికొనదగినది. ఫిర్యాది తెచ్చిన నోట్ల సంఖ్యలను మధ్యవర్తుల యెదుట వ్రాసికొని, వానిపై ఫినాల్ఫ్తలీను అను తెల్లని పొడిని పూయుదురు. నోట్లు అందుకొన్నవాని చేతులను సోడియం కార్బొనేటు కలిపిన నీటిలో ముంచినచో ఆ నీరు గులాబి వన్నెకు తిరుగును. రంగు మాత్రమే చాలదు. అడిగినాడనియు, పుచ్చుకొన్నాడనియు ఋజువు కావలయును. ఫిర్యాది మరణించినను, మాట మార్చినను, ఇతర సాక్ష్యముచే ఆ రెంటిని ఋజువు చేయవచ్చునని సుప్రీముకోర్టు రాజ్యాంగ ధర్మాసనము 2022 డిసెంబరులో తేల్చి చెప్పినది.

ఇంత చట్టమున్నను నూరు రూపాయల కొరకు ఫిర్యాదు చేయువారు అరుదు. కారణము స్పష్టము. ఆ భటుడు రేపును అదే కూడలిలో నుండును. ఆ రైతు రేపును అదే త్రోవను పోవలెను. కావున శిక్ష కంటె, బేరమునకు తావు లేకుండ చేయుటయే మేలైన మందు. జుల్మానాను చేతిలో గాక, సంఖ్య గల ఇ-చలానా ద్వారా చెల్లించు పద్ధతి అందులకే వచ్చినది. రహదారులపై కెమెరాలచే తప్పులు కనిపెట్టు నేర్పాటును 2019 సవరణ చట్టములో చేర్చినారు. చట్టమును అమలుపరచు నధికారియే దానిని మీరినచో జుల్మానా రెండింతలని గూడ అదే సవరణ చెప్పినది. కాని కెమెరా పెద్ద రహదారిని చూచును. పల్లెల అడ్డదారిని చూచునది ఇంకను మనుష్యుని కన్నే.

ఆ కంటి యెదుట నిలువగల ధైర్యము సక్రమమైన పత్రముల వలన వచ్చును. బీమా తీరినవాడు రసీదు అడుగజాలడు. అడిగిన రెండువేలకు వచ్చునని వానికి తెలియును. బీమా కట్టినవాడు, శిరస్త్రాణము ధరించినవాడు "చలానా వ్రాయండి" అని మెల్లగా ననగలడు. బీమాను గడువునకు వారము ముందే కట్టుడు. శిరస్త్రాణమును బండికి గాక తలకు తగిలించుడు. తప్పు చేసి పట్టుబడినచో జుల్మానాయే చెల్లించి రసీదు పుచ్చుకొనుడు. అది ఖరీదైనదే, కాని మరుసటి కూడలిలో మిమ్మెవరును దానితో బెదరింపజాలరు.