కోసి యిచ్చిన గుడ్డలతో కుట్టిన బొంత తనదగునా?

అమెరికాదేశపు స్త్రీలు రంగురంగుల గుడ్డముక్కల నతికి పైపొర చేసి, నడుమ దూది పఱచి, అడుగున మఱియొక గుడ్డ నుంచి, మూడింటిని గలిపి సన్నని కుట్లు వేయుదురు. క్విల్టు అనబడు నీ దుప్పటి మన బొంతకు తోబుట్టువే.

ఇండియానా రాష్ట్రమునందలి మేరియను పట్టణమున మేరీ వెబ్‌స్టరు అను నామె 1921లో స్నేహితురాండ్రతో గూడి యొక వ్యాపారము పెట్టి, నమూనాలతోపాటు కుట్టుటకు సిద్ధపఱచిన గుడ్డల కట్టలను గూడ విక్రయించెను. అట్టి కట్టలు నేటికిని అంగళ్లలో దొరకుచున్నవి. రంగు లెన్నుటయు ముక్కలు కోయుటయు పరులు చేయగా, ఆ బొంత తనదని కుట్టినామె యెట్లు చెప్పుకొనునని కొందఱు ఆక్షేపింతురు.

ఈ యాక్షేపణ సగము నిజము. రంగుల పొందిక నెఱిగి కూర్చుట గొప్ప నేర్పు. కట్ట కొన్నవారికి ఆ ప్రశంస చెందదు. కాని మూడు పొరలగుండ సూదిని సమముగా నడపు నేర్పు ఏ కట్టలోను రాదు. ఓపికతో వేసిన ఆ కుట్లన్నియు ఆమెవే.

అసలు దోష మెక్కడ నున్నదో 1933 నాటి యొక పోటీ తెలుపుచున్నది. చికాగో ప్రపంచ ప్రదర్శనమును పురస్కరించుకొని సియర్సు కంపెనీవారు పెట్టిన ఆ పోటీకి ఇంచుమించు 24,000 బొంతలు వచ్చెను. 1,000 డాలర్ల ప్రథమ బహుమానము నందిన కెంటకీ రాష్ట్రపు స్త్రీ తాను కుట్టలేదనియు, కూలికి ఇతర స్త్రీలచే కుట్టించినదనియు, బహుమానములో వారికి భాగ మీయలేదనియు తరువాత బయటపడెను.

కావున సోదరీమణులారా, కట్ట కొనుట తప్పని మేము తలంపము. పరుల చేతిని దాచుటయే తప్పు. బొంత వెనుక పేరు కుట్టునప్పుడు "కూర్పు వారిది, కుట్టు నాది" యని రెండును వ్రాయుడు. అందు చిన్నతన మేమియు లేదు.