పొగగొట్టంలో అశ్వశక్తి ఉన్నదా?

గత చలికాలంలో ఒక ఆదివారం ఉదయం, నోయిడాలోని మా అపార్టుమెంటు ముందు నిలిపిన ఒక కారు ఉన్నట్టుండి గర్జించింది. అది మా కారేనని గ్రహించడానికి మాకు కొంత వ్యవధి పట్టింది. 2014లో కొన్న చిన్న నాలుగు సిలిండర్ల పెట్రోలు కారు అది. ఉద్యోగంలో చేరినప్పటి నుండి మా రెండవ కుమారుడు దానిని వాడుకొంటున్నాడు. కిందికి వంగి చూడమని అతడు ఉత్సాహంగా పిలిచాడు. వెనుక సైలెన్సరు ఉండవలసిన చోట వెడల్పాటి స్టీలు గొట్టం ఉన్నది. ముందువైపు కేటలిటిక్ కన్వర్టరు స్థానంలో వట్టి పైపు ముక్క అతికించి ఉన్నది. “పికప్ ఎంత పెరిగిందో మీరే నడిపి చూడండి, నాన్నా!” అన్నాడు.

ముప్పై సంవత్సరాలు పంపులు, కంప్రెసర్లు, పైపులైన్ల మధ్య గడిపిన మాకు అప్పుడు కోపం రావలసింది. నిజం చెప్పాలంటే ముందు కుతూహలమే కలిగింది.

ఈ మోజు మా ఇంటితో ప్రారంభమైనది కాదు. ఢిల్లీలో కశ్మీరీ గేటు కార్ల విడిభాగాలకు, కరోల్‌బాగ్ మోటారు సైకిళ్ల సామగ్రికి పేరుపొందిన బజారులు. బుల్లెట్టు బండ్లకు పటాకా పేలినట్టు మోగే గొట్టాలు తగిలించుకొని రాత్రివేళ తిరిగే యువకులను రాజధానిలో చూడనివారు ఉండరు. ఆ పేలుడు ఇంజను బలానికి గుర్తని చాలామంది భ్రమ. ఇగ్నిషన్ ఆపి మరల వేసినప్పుడు కాలని పెట్రోలు ఆవిరి వేడి గొట్టంలోకి పోయి అక్కడ అంటుకొంటుంది. చక్రాన్ని తిప్పవలసిన ఇంధనం వీధిలో కాలిపోవడమే ఆ శబ్దం.

అయితే పొగగొట్టానికీ ఇంజను శక్తికీ సంబంధం లేదని మేము అనడం లేదు. ఉన్నది, అది బజారులో చెప్పే సంబంధం మాత్రం కాదు. ఎగ్జాస్ట్ వాల్వు తెరచుకొన్నప్పుడు సిలిండరులో ఇంకా అధిక పీడనం మిగిలి ఉంటుంది. ఆ పీడనం ఒక తరంగమై వేడి వాయువులో సెకనుకు 500 మీటర్లకు పైబడిన వేగంతో గొట్టం వెంట పరుగెత్తుతుంది. గొట్టం తెరచుకొన్న చోటికో, మరొక గొట్టంతో కలిసే చోటికో చేరగానే అల్పపీడన తరంగంగా వెనుకకు మరలుతుంది. లోనికి తీసుకొనే వాల్వు, బయటకు పంపే వాల్వు రెండూ కాసేపు తెరచివుండే క్షణానికి అది తిరిగివస్తే, మిగిలిన మసి వాయువును బయటకు లాగి, కొత్త మిశ్రమానికి చోటిస్తుంది. పందెపు కార్ల నిర్మాతలు గొట్టం పొడవును అంగుళాలలో లెక్కించేది ఇందుకే.

చిక్కు ఇక్కడనే ఉన్నది. నిమిషానికి 6000 చుట్లు తిరిగే ఇంజనులో ఒక చుట్టుకు 10 మిల్లీసెకన్లు పడుతుంది. 2000 చుట్ల వద్ద 30 మిల్లీసెకన్లు. గొట్టం పొడవు ఒకటే కనుక అది ఒక వేగ పరిధికే అనుకూలిస్తుంది. వెడల్పు మరీ పెంచితే, తక్కువ చుట్ల వద్ద వాయువు జోరు తగ్గిపోతుంది. ఆశ్రమ్ చౌక్ వద్ద సాయంత్రం ఆరుగంటలకు 6000 చుట్లతో కారు నడపగల మొనగాడెవరో మాకు తెలియదు. ఇక “ఇంజనుకు కొంత వెనుక పీడనం అవసరం” అన్న మాట కూడా పొరపాటే. పీడనం ఎప్పుడూ ఆటంకమే. అవసరమైనది వాయువు వేగం, తరంగం తిరిగివచ్చే సమయం.

ఇవన్నీ చెప్పగా మా అబ్బాయి ఓపికగా విని, “లెక్కలు సరే, బండి చూడండి” అన్నాడు. న్యాయమైన మాటే. మరుసటి ఆదివారం తెల్లవారుజామున నోయిడా–గ్రేటర్ నోయిడా ఎక్స్‌ప్రెస్‌వే మీదికి వెళ్లాము. మూడవ గేరులో గంటకు 40 నుండి 80 కిలోమీటర్లకు చేరడానికి పట్టిన సమయాన్ని, గాలి ప్రభావం పోవడానికి రెండు దిశలలోను ఐదేసి మారులు కొలిచాము. స్టాప్‌వాచ్ మా చేతిలో, కలం, నోటుపుస్తకం పక్క సీటులో. పోల్చుకొనడానికి పాత గొట్టంతో తీసిన అంకెలు కావాలి కనుక నిర్ణయం వాయిదా పడింది.

ఈలోగా రెండు సంఘటనలు జరిగాయి.

మొదటిది కాలుష్య తనిఖీ. భారత్ స్టేజ్-4 పెట్రోలు కారుకు నిలకడగా తిరుగుతున్నప్పుడు కార్బన్ మోనాక్సైడు 0.3 శాతం మించరాదు. మా కారు మించింది. కన్వర్టరు లోపల తేనెపట్టు వంటి రాతి గదులకు ప్లాటినం, పల్లేడియం, రోడియం పూత ఉంటుంది. సుమారు 300 డిగ్రీల వేడికి చేరాక అది విషవాయువులను చాలావరకు మార్చివేస్తుంది. 1995 ఏప్రిల్ 1 నుండి ఢిల్లీ మొదలైన నాలుగు మహానగరాలలో కొత్త పెట్రోలు కార్లకు దీనిని తప్పనిసరి చేశారు. సీసం దాని పూతను చంపుతుంది కనుక సీసం లేని పెట్రోలునూ అప్పుడే తెచ్చారు. ఆ రోజులలో ఐ.టి.ఓ. కూడలి వద్ద స్కూటరు మీద కళ్లు మండుతూ నిలబడినవారికి దాని విలువ వేరే చెప్పనక్కరలేదు. అటువంటి దానిని డబ్బిచ్చి తీయించి వేసుకొన్నాడు మా పుత్రరత్నం! డాష్‌బోర్డు మీద వెలిగిన ఇంజను దీపాన్ని ఆర్పే ఉపాయం కూడా బజారులో అమ్ముతారట.

రెండవది మాకు ఎక్కువ బాధ కలిగించింది. మా కింది వాటాలో ఉండే పూర్వ సహోద్యోగి అప్పటికి మూడు వారాల క్రితమే గుండె ఆపరేషను చేయించుకొన్నారు. వారి శ్రీమతి ఒకనాడు మా ఇంటావిడను, “రాత్రి పదకొండింటికి వచ్చే ఆ కారు ఎవరిదో మీకేమైనా తెలుసా, వదినగారూ?” అని మృదువుగా అడిగారట. ఎవరిదో ఆమెకు తెలియకపోలేదు. నాలుగు సిలిండర్ల ఇంజను 3000 చుట్ల వద్ద సెకనుకు నూరు మారులు పేలుతుంది. వంద హెర్ట్జ్ శబ్దానికి గాలిలో తరంగం పొడవు మూడు మీటర్లకు పైమాటే. కిటికీ తలుపులు దానిని సరిగా ఆపలేవు. నివాస ప్రాంతాలలో రాత్రి పరిమితి 45 డెసిబెల్స్. 10 డెసిబెల్స్ పెరిగితే ధ్వని శక్తి పది రెట్లు అయినట్టు. మోటారు వాహనాల చట్టంలోని 190వ సెక్షన్ ప్రకారం పదివేల రూపాయల వరకు జరిమానా, జైలు కూడా ఉండవచ్చు. ఆ రాత్రి భోజనాల దగ్గర మేము చట్టం ఎత్తలేదు. వదినగారి ప్రశ్న మాత్రం మా ఇంటావిడ యథాతథంగా చెప్పింది. అబ్బాయి పళ్లెంలోకి చూస్తూ ఉండిపోయాడు.

పాత కన్వర్టరు, సైలెన్సరు అదృష్టవశాత్తు డిక్కీలోనే ఉన్నాయి. కొత్త గాస్కెట్లు వేయించి వాటిని బిగించిన తరువాత, అదే రోడ్డు మీద, అదే వేళకు, అవే పది కొలతలు తీశాము. ఈమారు స్టాప్‌వాచ్ అతడే పట్టుకొన్నాడు. రెండు గొట్టాల సగటుల మధ్య తేడా, ఒకే గొట్టంతో తీసిన కొలతల మధ్య ఉన్న తేడా కంటె తక్కువగా వచ్చింది. రెండవ గేరులో తక్కువ వేగం నుండి లేచేటప్పుడు పాత గొట్టమే కొంచెం ముందున్నది. “మరి అంత వేగంగా పోతున్నట్టు ఎందుకనిపించింది?” అని అడిగాడు. చెవి కూడా ఒక స్పీడోమీటరేనని, దానికి కాలిబ్రేషన్ ఉండదని అన్నాము.

నెల తరువాత కింది వాటా వారు మెల్లగా నడక ప్రారంభించారు. ఒక సాయంత్రం లిఫ్టు దగ్గర కనబడి, “ఏమండీ, మీ అబ్బాయి ఊరిలో లేడా? ఈ మధ్య అలికిడి లేదు” అన్నారు.

“ఉన్నాడండీ,” అన్నాము. “నిన్న కూడా పదకొండింటికే వచ్చాడు.”