వెళ్ళేవి కోట్ల కోట్లు, తిరిగొచ్చేది ఒకటి కూడా కాదు: గాదంకి లైడార్ లెక్క

తిరుపతి నుంచి చిత్తూరు వెళ్ళే దారిలో గాదంకి దగ్గర జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. 1998లో అక్కడ జపాన్ సహకారంతో ఒక లైడార్ పెట్టారు. మబ్బులేని రాత్రుల్లో అది ఆకుపచ్చ లేజర్ వెలుగును పల్స్‌లుగా, మొదట్లో సెకనుకు 20 సార్లు చొప్పున, నిట్టనిలువుగా పైకి వదులుతుంది. గాలి అణువులకు తగిలి ఆ వెలుగు చెదురుతుంది. వెనక్కి తిరిగొచ్చిన కొద్దిపాటి వెలుగును 75 సెంటీమీటర్ల వ్యాసమున్న అద్దం పోగుచేస్తుంది. దాన్నిబట్టే 80 కి.మీ. ఎత్తు దాకా గాలి ఎంత వేడిగా, ఎంత చల్లగా ఉందో చెబుతారు.

అప్పట్లో ఒక్కో పల్స్‌లో ఉన్న శక్తి సుమారు 0.55 జౌల్. 532 నానోమీటర్ల ఆకుపచ్చ ఫోటాన్ ఒక్కోదాని శక్తి 3.7×10⁻¹⁹ జౌల్. భాగించి చూస్తే పల్స్‌కు 1.5×10¹⁸ ఫోటాన్లు, అంటే 15,000 కోటి కోట్లు. 80 కి.మీ. దగ్గర గాలి సాంద్రత నేలమీది సాంద్రతలో 60 వేల వంతు కూడా ఉండదు. అక్కడి 300 మీటర్ల మందం పొర నుంచి అద్దం మీదికి ఎన్ని ఫోటాన్లు రావాలో లెక్క వేస్తే పల్స్‌కు 0.7 వస్తుంది. దారిలో గాలి, ధూళి అడ్డుకునేవి, కటకాల్లో, ఫిల్టర్లలో పోయేవి ఇంకా తీసెయ్యలేదు. అవన్నీ పోను 100 పల్స్‌లకు ఒకటిన్నర చొప్పున లెక్కకు అందుతాయనుకుందాం. ఇలాంటి పరికరాల్లో అది మామూలే.

జడివానలో చూరు నీరు ధారకడితే బిందె పెట్టి కొలవచ్చు. వాన వెలిశాక పడేవి చుక్కలే, వాటిని లెక్కపెట్టుకోవాలి. వెలుగు ఇంత పలచబడ్డాక చేయగలిగింది కూడా అదే.

లెక్కపెట్టే పని ఫోటోమల్టిప్లయర్ అనే గాజు గొట్టానిది. ఫోటాన్ తగిలితే దాని ముందు పూత నుంచి ఒక ఎలక్ట్రాన్ ఊడుతుంది. అయితే తగిలిన ప్రతిసారీ కాదు, నాలుగైదుసార్లు తగిలితే ఒకసారి. ఊడిన ఆ ఎలక్ట్రాన్‌ను అధిక వోల్టేజీ ఒక లోహపు పలక మీదికి లాగుతుంది. అక్కడ ఒకటి నాలుగవుతుంది. ఇలా పది పలకలు దాటేసరికి ఒకటి కాస్తా 10,48,576 అవుతుంది. ఇవన్నీ 5 నానోసెకన్లలో వచ్చిపడితే 50 ఓమ్‌ల నిరోధం మీద సుమారు 1.7 మిల్లీవోల్ట్‌ల పల్స్ కనబడుతుంది. ఒక్క ఫోటాన్ చేసిన పని ఆసిలోస్కోపు తెర మీద కంటికి ఆనుతుందన్నమాట. థైరాయిడ్ పరీక్ష రిపోర్టులో ‘కెమిల్యూమినిసెన్స్’ పద్ధతి అని రాసి ఉంటే, ఆ యంత్రంలోనూ సాధారణంగా ఇలాంటి గొట్టమే ఉంటుంది.

కటిక చీకట్లో పెట్టినా గొట్టం ఊరుకోదు. గది వేడికే ముందు పూత నుంచి అప్పుడప్పుడూ ఎలక్ట్రాన్లు ఊడుతుంటాయి. మధ్య పలకల్లో పుట్టేవాటి పల్స్ చిన్నది కాబట్టి దాన్ని వడగట్టి పారేయొచ్చు. పూత నుంచే వచ్చినదాన్ని మాత్రం అసలు ఫోటాన్ నుంచి విడదీయలేం. ఈ ‘చీకటి లెక్క’ సెకనుకు 100 అనుకోండి. 5,000 పల్స్‌లకు పట్టే సమయం 250 సెకన్లు. ఆలోగా చీకటి లెక్క 25,000కు చేరుతుంది. 80 కి.మీ. నుంచి మనకు అందినవి 75. ఆ గుంపులో వీటిని వెతికేదెలా?

ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చిన తెలివి ఇక్కడే ఉంది. వెలుగు 80 కి.మీ. వెళ్ళి తిరిగి రావడానికి 533 మైక్రోసెకన్లు పడుతుంది. 300 మీటర్ల పొర అంటే గడియారంలో 2 మైక్రోసెకన్లు. కాబట్టి ప్రతి పల్స్ వెళ్ళాక సరిగ్గా ఆ 2 మైక్రోసెకన్లలో వచ్చినవే ఆ పొర ఖాతాలో వేస్తారు. 5,000 పల్స్‌లకూ కలిపి తలుపు తెరిచి ఉండే సమయం 10 మిల్లీసెకన్లే. అంతలో వచ్చే చీకటి లెక్క ఒక్కటి! 25,000 ఒకటికి దిగింది. ఆకాశపు వెలుగును కూడా ఇలాగే తీసేస్తారు. పల్స్‌కూ పల్స్‌కూ మధ్య 50,000 మైక్రోసెకన్ల ఎడముంటే, 150 కి.మీ. ఎత్తు నుంచి రావడానికైనా 1,000 చాలు. ఆ తర్వాత కూడా వస్తున్నవి లేజర్‌వి కావు. వాటి సగటు కట్టి ప్రతి పొర లెక్కలోంచీ తీసేస్తారు.

కిందికి వస్తే చిక్కు తిరగబడుతుంది. 30 కి.మీ. పొర నుంచి అద్దానికి పల్స్‌కు దాదాపు 4,900 ఫోటాన్లు చేరాలి. నష్టాలు పోయినా 2 మైక్రోసెకన్లలో వంద పైచిలుకు. గొట్టంలో ఒక ఫోటాన్ తెచ్చిన పల్స్ అణగకముందే ఇంకొకదానిది వచ్చి మీదపడుతుంది, రెండూ ఒకటిగా లెక్కకొస్తాయి. అందుకే తిరిగొచ్చిన వెలుగును ఎక్కువ, తక్కువ వాటాలుగా చీల్చి వేర్వేరు గొట్టాలకు పంపుతారు.

ఎత్తునుబట్టి ఫోటాన్ల లెక్క తెలిస్తే గాలి సాంద్రత ఎలా మారుతోందో తెలుస్తుంది. సాంద్రత నుంచి పై గాలి బరువు, దాన్నుంచి ఉష్ణోగ్రత వస్తాయి. వాతావరణ బెలూన్లు 35 కి.మీ. దగ్గరే పగిలిపోతాయి, ఉపగ్రహాలు ఇంత కిందికి దిగి తిరగలేవు, రాకెట్టును రోజూ వదలలేం. 30 నుంచి 80 కి.మీ. మధ్య ఏ రాత్రికా రాత్రి నేల మీద నుంచే కొలవడానికి లైడార్‌కు మించిన సాధనం నాకు కనబడదు.

మిగిలింది ఖచ్చితత్వం. లెక్కలో వచ్చే ఊగిసలాట ఆ లెక్కకు వర్గమూలమంత ఉంటుంది. 75 ఫోటాన్లకు దాదాపు 9, అంటే 12 శాతం. గంటసేపు, 72,000 పల్స్‌లు వదిలితే 1,080 ఫోటాన్లకు 33, అంటే 3 శాతం. దోషం నాలుగో వంతుకు తగ్గాలంటే సమయం 16 రెట్లు కావాలి. దీనికి అడ్డదారి లేదు. పైగా అన్నిటికన్నా పై పొర ఉష్ణోగ్రతను ఏదో ఒక నమూనా నుంచి తీసుకునే లెక్క మొదలుపెట్టాలి. దాని ప్రభావం కిందికి దిగేకొద్దీ తగ్గిపోతుంది. కాబట్టి లైడార్ ఉష్ణోగ్రతల గ్రాఫు ఎక్కడైనా కనబడితే, అది ఎంతసేపటి సగటో, దోష పరిధి ఎంత వేశారో ముందు చూడండి. ఆ రెండూ లేకపోతే, 70 కి.మీ. పైన గీసిన ఒంపుసొంపులను లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.