ఫిరంగి బొమ్మకు మట్టి ఎందుకు పూశాం?



మన లైబ్రరీ బీరువా మీద ఒక ఫిరంగి బొమ్మ ఉన్నది. అందరూ చూసే ఉంటారు. తొమ్మిదో తరగతి వాళ్లం ఐదుగురం కలిసి సైన్సు ప్రదర్శన కోసం చేశాం. చూసినవాళ్లలో సగం మంది అడిగినది ఒక్కటే మాట. "ఇంత కష్టపడి చేసి ఇలా మురికిగా వదిలేశారేమే?" తనిఖీకి పెద్దవాళ్లు వచ్చేలోపు దానికి ఆకుపచ్చ రంగు తళతళలాడేలా మళ్లీ వేయాలని కూడా ఒక మాట వచ్చింది. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను. ఆ మురికి మేము కావాలని పూసినది. బొమ్మ కట్టడానికి ఆరు రోజులు పడితే, మురికి పూయడానికి తొమ్మిది రోజులు పట్టింది.

ముందు ఇది ఏ ఫిరంగో చెబుతాను. దీని పేరు 25 పౌండర్. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిషు సైన్యం, దానితోపాటు మన భారత సైన్యం వాడినవి. దీని గుండు బరువు 25 పౌన్లు, అంటే 11 కిలోలకు కొంచెం పైన. అందుకే ఆ పేరు వచ్చింది. 12 కిలోమీటర్ల దూరం కొడుతుంది. ఒక్క ఫిరంగి దగ్గర ఆరుగురు మనుషులు పని చేస్తారు. దీని కింద గుండ్రంగా ఒక ఇనుప చట్రం ఉంటుంది. చక్రాలను దాని మీదికి ఎక్కిస్తే ఫిరంగిని ఏ దిక్కుకైనా గబుక్కున తిప్పవచ్చు. స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత కూడా మన సైన్యం దీనిని చాలా ఏళ్లు వాడింది. 1965, 1971 యుద్ధాలలో కూడా ఇది ఉన్నది.

ఇలాంటి బొమ్మలను స్కేలు మోడల్స్ అంటారు. మాది 1:35 స్కేలు. అనగా అసలు ఫిరంగిలో 35 సెంటీమీటర్లు ఉన్నది బొమ్మలో 1 సెంటీమీటరు. మరి 30 కాకుండా, 40 కాకుండా ఈ 35 ఏమిటి అని నేను మన సైన్సు మేడం గారిని అడిగాను. జపాన్‌లో షిజువోకా అనే ఊరిలో టమియా అనే కంపెనీ ఉన్నది. వాళ్లు 1960ల మొదట్లో పాంథర్ అనే జర్మనీ ట్యాంకు బొమ్మ చేశారు. అది మోటారుతో నడిచే బొమ్మ. లోపల బ్యాటరీలు పట్టాలి కదా, పట్టేంత సైజు పెట్టారు. తర్వాత కొలిచి చూస్తే అది సుమారు 1:35 అయ్యింది! వాళ్ల తర్వాతి బొమ్మలూ అదే స్కేలులో వచ్చాయి, వేరే కంపెనీలు కూడా అదే పట్టుకున్నాయి. లెక్క ముందు వస్తుందని మనం అనుకుంటాం గానీ ఇక్కడ బ్యాటరీ ముందు వచ్చిందన్నమాట.

అసలు ఫిరంగి గొట్టం రంధ్రం 87.6 మిల్లీమీటర్లు, బొమ్మలో రెండున్నర మిల్లీమీటర్లు. ఇక బరువు చెప్పండి చూద్దాం. అసలుది 1,633 కిలోలు. మా జట్టులో ఒకామె టక్కున 35తో భాగించి 46 కిలోలు అన్నది. అంటే ఆ బొమ్మను ఎత్తాలంటే ఇద్దరు కావాలి! నిజానికి పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గుతాయి కాబట్టి 35తో మూడుసార్లు భాగించాలి, అంటే 42,875తో. అచ్చం అదే ఇనుముతో చేసినా మన బొమ్మ తూగేది 38 గ్రాములే. ఘనపరిమాణం లెక్క నాకు ఆ రోజే బుర్రకెక్కింది.

కంపెనీ వాళ్లు ప్లాస్టిక్ ముక్కలు పెట్టెలో పెట్టి అమ్ముతారు, మనం అతికించుకోవడమే. మాకు అది లేదు. పెళ్లికార్డుల అట్ట, పెన్ను రీఫిల్లు మీద చుట్టిన కాగితం, చీపురు పుల్లలు, ఫెవికాల్ వాడాం. పాత హవాయి చెప్పులు కోసి చక్రాలు చేశాం, మన ఊళ్లలో చిన్నపిల్లలు బండ్లకు చేసుకుంటారే, అలాగే. కట్టడం గురించి ఇంతకన్నా చెప్పేది లేదు. ఓపిక ఉంటే ఎవరైనా కడతారు.

ఇప్పుడు మురికి సంగతి. మా ఇంట్లో బడికి వచ్చినది నేనే మొదలు. మా నాన్నకు అక్షరాలు రావు. కానీ సంతలో జీపు వచ్చి ఆగితే, దాని చక్రాల మట్టి చూసి ఇది ఏ దారిన వచ్చింది, వాగు దాటిందా లేదా, నిన్న వచ్చిందా ఇప్పుడే వచ్చిందా అని చెప్పేస్తాడు. తడి మట్టి నల్లగా ఉంటుంది, ఎండితే తెల్లబారుతుంది. వాగు దాటితే కింద కడిగినట్టుండి పైన మట్టి మిగులుతుంది. మోడల్స్ చేసేవాళ్లు చేసే పని కూడా ఇదే, కాకపోతే తిరగేసి చేస్తారు. బండి ఎక్కడెక్కడ తిరిగిందో ముందు అనుకొని, ఆ గుర్తులన్నీ దాని మీద పెడతారు. ప్రతి మరకకూ ఒక కారణం ఉండాలి. కారణం చెప్పలేని మరక పెట్టకూడదు.

అందుకని మేము ముందు అనుకున్నది మా ఫిరంగి ఎక్కడ ఉన్నదీ అని. ఇదే ఫిరంగి 1942లో ఈజిప్టులో ఎల్ అలమైన్ దగ్గర ఉన్నది. అక్టోబర్ 23 రాత్రి అక్కడ 900 దాకా ఫిరంగులు ఒక్కసారిగా పేలాయి. అది ఎడారి. తుప్పు పట్టాలంటే ఇనుముకు గాలీ కావాలి, నీరూ కావాలి. ఎడారిలో నీరు తక్కువ, అందుకని తుప్పు తక్కువ. కానీ ఇసుక గాలి రుద్దీ రుద్దీ రంగు లేచిపోతుంది, ఎండకు వెలిసిపోతుంది. ఇదే ఫిరంగి 1944లో ఇంఫాల్ దగ్గర కూడా ఉన్నది. అక్కడ మార్చి నుంచి జులై దాకా జపాన్ సైన్యంతో యుద్ధం జరిగింది. చుట్టూ కొండలు, మధ్యలో వానాకాలం వచ్చిపడింది. బురద, చెమ్మ, తుప్పు. కొండ, వాన, బురద మనకు బాగా తెలుసు కాబట్టి మేము ఇంఫాల్ ఎంచుకున్నాం. మన సైనికులు అక్కడ చాలామంది పోరాడారు, అది కూడా ఒక కారణం.

రంగులకు ఒక వరుస ఉన్నది. అడుగున కిటికీ ఊచలకు వేసే రెడ్ ఆక్సైడ్ వేశాం. అది తుప్పు రంగు. ఆరాక అక్కడక్కడ తడి చేసి ఉప్పు చల్లాం. దాని మీద ఆకుపచ్చ పోస్టర్ రంగును స్పాంజి ముక్కతో అద్ది, ఆరాక ఉప్పును వేలితో రాల్చేశాం. ఉప్పు ఉన్న చోట పచ్చ రంగు పట్టదు, కింద తుప్పు కనబడుతుంది. నిజంగా పెచ్చు లేచినట్టే ఉంటుంది. ఇది మేము కనిపెట్టినది కాదు, పెద్ద పెద్ద మోడల్స్ చేసేవాళ్లు కూడా ఉప్పు వాడతారట. అయితే మెస్సులోని కల్లుప్పు గింజ 3 మిల్లీమీటర్లు ఉంటుంది. 35తో గుణిస్తే అరచెయ్యంత పెచ్చు! అందుకని మెత్తగా నూరి చల్లాం. ఉప్పు ఇచ్చిన వంట ఆయమ్మకు థాంక్స్.

తర్వాత నల్ల ఎనామిల్ రంగును టర్పెంటైన్ నూనెలో టీ నీళ్లంత పలచగా కలిపి మీద పూశాం. అది సందుల్లోకి, మేకుల తలల చుట్టూ పారి నిలబడుతుంది. లోతు కనబడుతుంది. దీనికి పోస్టర్ రంగు ఎందుకు వాడలేదంటే, నీళ్ల రంగు మీద నీళ్ల రంగు పూస్తే కిందిది కరిగి వచ్చేస్తుంది. నూనె రంగు కింది రంగును కదపదు. అది కూడా ఆరాక లేత రంగులో కుంచె ముంచి, గుడ్డకు తుడిచి తుడిచి, దాదాపు ఏమీ లేకుండా చేసి, అంచుల మీద రుద్దాలి. ఉబ్బెత్తు చోట్లకు మాత్రమే అంటుకుంటుంది. మనుషుల చేతులు పడి అరిగే పిడులకు పెన్సిల్ ములుకు పొడి వేలితో రాశాం. నిజం ఉక్కులాగ మెరుస్తుంది. దగ్గరికి వెళ్లి చూడండి.

ఆఖరికి మట్టి. వాగు గట్టు మట్టిని చున్నీ గుడ్డలో జల్లించాం. జల్లించకపోతే ఒక మిల్లీమీటరు గింజ బొమ్మ మీద మూడున్నర సెంటీమీటర్ల రాయి అవుతుంది. ఫెవికాల్ నీళ్లతో కలిపి చక్రాల కింది భాగానికి దట్టంగా, చక్రాల వెనక చిందినట్టుగా, ముందు రేకుకు కింది వైపు మాత్రం చుక్కలుగా వేశాం. వాన నీటి చారలు నిలువుగా కిందికే రావాలి, నీళ్లు అడ్డంగా పారవు కదా. అడ్డంగా చార కనబడితే ఆ బొమ్మ అబద్ధం చెబుతున్నట్టే.

ఇంకొకటి, అంతటా మురికి చేయడం కూడా తప్పే. గొట్టం లోపల, గుండు పెట్టే తలుపు దగ్గర, గురి చూసే అద్దం దగ్గర మేము ఒక్క చుక్క మట్టి వేయలేదు. ఆ చోట్లు మురికిగా ఉంటే ఫిరంగి సరిగా పేలదు, గురి కుదరదు. సైనికులు ఎంత వానలో అయినా వాటిని తుడిచి పెట్టుకుంటారు. కొందరు చేసిన మోడల్స్ ఫోటోలు మేడం చూపించారు. అవి ఇరవై ఏళ్లు చెరువులో పడి ఉన్నట్టున్నాయి. నాకు నచ్చలేదు.

ఏడో తరగతి చెల్లి ఒకామె నన్ను అడిగింది, "అక్కా, ఫిరంగి మనుషులను చంపేది కదా, దాని బొమ్మ ఎందుకు చేశారు? నెమలి చేయవచ్చు కదా" అని. మంచి ప్రశ్న. నాకూ రెండు రోజులు అదే ఆలోచన. నాకు తోచింది చెబుతాను. తళతళలాడే ఫిరంగి చూస్తే ఆటబొమ్మలాగ ముద్దుగానే ఉంటుంది. బురద పట్టి, పిడి అరిగి, పెచ్చులు లేచినది చూస్తే ఆరుగురు మనుషులు వానలో తడుస్తూ పదకొండు కిలోల గుండ్లు ఒకటొకటి చేతులతో మోశారని తెలుస్తుంది. ఆ గుండు 12 కిలోమీటర్ల అవతల ఎవరి మీదనో పడిందని కూడా గుర్తుకొస్తుంది. చెల్లి ఒప్పుకున్నదో లేదో గానీ, వచ్చే ఏడాది నెమలి తానే చేస్తానంది.

కాబట్టి వార్డెన్ మేడం గారికి, తనిఖీ పనులు చూసే అక్కలకు మా ఐదుగురి విన్నపం. దయచేసి దీనికి మళ్లీ రంగు వేయించవద్దు. పెద్దవాళ్లు వచ్చి ఎందుకింత మురికి అని అడిగితే మమ్మల్ని పిలవండి. ఏ మరక ఎందుకున్నదో మేము చెబుతాం, 38 గ్రాముల లెక్క కూడా బోర్డు మీద చేసి చూపిస్తాం. ఆదివారం శ్రమదానంలో లైబ్రరీ వంతు వచ్చిన జట్టు బీరువా తుడవండి, బొమ్మను తడిగుడ్డతో తుడవవద్దు. పచ్చ రంగు నీళ్లకు పోతుంది. ఎత్తి చూడాలంటే కింద ఉన్న అట్ట పలక పట్టుకొని ఎత్తండి. చక్రాలు పట్టుకోవద్దు, ఎడమ చక్రం ఇంకా సరిగా అతుక్కోలేదు.

— 9వ తరగతి విద్యార్థిని